ఇంటావిడకో పేరు

ఎడిత్ గ్రే ముఖం తెలియనివాళ్ళు అమెరికాలో లేరు. పేరు తెలిసినవాళ్ళూ లేరు. ఇరవయ్యేళ్ళుగా హాలీవుడ్‌లో మేనత్త, వంటావిడ, నర్సు, జడ్జిగారి భార్య, ఏ వేషమిచ్చినా వేసింది. కళ్ళద్దాల పైనుంచి ఒక్క చూపు చూసిందంటే హాలంతా గొల్లున నవ్వేది. ఆ సంగతి ఆవిడకూ బాగా తెలుసు. తెలిసీ వినయం నటించడం మాత్రం ఆవిడకు చేతకాదు.

ఆ నెలతో స్టూడియోవాళ్ళతో ఆవిడ ఒప్పందం అయిపోతుంది. కొత్త కామెడీలో జనం ఆవిణ్ణి చూసి నవ్వితేనే ఇంకో ఏడాది. తీరా చూస్తే ఆ సినిమాలో ఆవిడ వేషం పేరు ‘ఇంటావిడ’. హీరో అద్దెకుండే ఇంటి యజమానురాలు, అంతే. రచయితలు కూర్చుని పోస్టుమాన్‌కీ కుక్కకీ కూడా నోరు తిరగని పేర్లు వండారు, ఈవిడకు మాత్రం మొండిచెయ్యి. ఊరూ పేరూ లేని వేషాల మీదే ముందు కత్తెర పడుతుంది. హీరో నోట పేరు పలికిన మనిషిని తీసెయ్యడం కష్టం. తీసేస్తే ఆవిడెవరని జనం అడుగుతారు.

అడగందే అమ్మయినా పెట్టదు కదా, ఎడిత్ వెళ్ళి దర్శకుణ్ణి అడిగింది. బ్రూస్టర్ అని, ఆవిడ వయసులో సగం ఉంటాడు.

“ఇంటావిడకు పేరెందుకమ్మా? వస్తావు, అరుస్తావు, పోతావు,” అన్నాడు. వాడి సొమ్మేం పోయింది!

మేకప్ వేసే బెర్నీస్ గడ్డం పట్టుకు బతిమాలింది. “గమ్మునుండవే తల్లీ. ఉన్నది కూడా ఊడగొడతాడు.”

“ఊడగొట్టనీ, చూద్దాం,” అంది ఎడిత్.

మర్నాడు షూటింగు. హీరో హాలొవే కోటు కింద బాతును దాచుకుని మెట్లెక్కాలి. వీపు తిప్పి బట్టలు ఇస్త్రీ చేస్తున్న ఎడిత్‌కు నమస్కారం పెట్టాలి. ఆవిడ గిరుక్కున తిరిగి అరవాలి. అతను నమస్కారమన్నాడు. ఆవిడ తిరగలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాడు. ఆవిడ చొక్కా కాలరు తాపీగా రుద్దుతూనే ఉంది. కెమెరా తిరుగుతోంది, కోట్లో బాతు గింజుకుంటోంది. హాలొవే నాటకాల్లో నలిగినవాడు, ఈవిడకేదో కావాలని ఇట్టే పట్టేశాడు.

“మిసెస్...” అని సాగదీసి ఆగాడు.

“టింకిల్‌పా,” అంది ఎడిత్, వెనక్కి చూడకుండానే.

“మిసెస్ టింకిల్‌పా గారూ!” అన్నాడతను, పొంగిపోతూ. బాతు కూడా అరిచింది. అప్పుడు తిరిగింది ఆవిడ, కళ్ళద్దాల పైనుంచి చూస్తూ. లైట్లు పట్టుకున్నవాళ్ళు నవ్వాపుకోలేక పెదాలు కొరుక్కున్నారు. బ్రూస్టర్ చిందులు తొక్కాడు గానీ, హాలొవేకు ఆ పేరు తెగ నచ్చేసింది. మిగతా సీన్లన్నిటిలోనూ అదే పిలిచాడు. ఇక ఏ కత్తెరతో తీస్తారు?

అది ఎవరూ వండిన పేరు కాదు. ఎడిత్ పుట్టింటి పేరే. నాన్న మాంసం కొట్టు మీద ఆ పేరు ఇంతెత్తు అక్షరాలతో రాయించుకుంటే, బడిపిల్లలు దాన్ని పాటకట్టి ఆవిణ్ణి వీధి చివరిదాకా తరిమేవాళ్ళు. నాటకాల మేనేజరు దాన్ని తీసి ‘గ్రే’ అని పెట్టినప్పుడు పీడా పోయిందనుకుంది. బెర్నీస్‌కి కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు ఎంత వెతికినా దాన్ని మించిన పేరు దొరకలేదు.

విడుదలకు ముందు జనం నాడి చూడటానికి సినిమాను ఊరి చివర హాల్లో వేశారు. ఎడిత్ బెర్నీస్ పక్కన కూర్చుంది. తెర మీద ఆ పేరు పలకగానే హాలంతా నవ్వింది. ఆవిడ చెవులు భగ్గుమన్నాయి, అచ్చం చిన్నప్పటిలాగే. ఇంకోసారి హీరో నోరు తెరిచేసరికి, పేరు పలక్కముందే జనం నవ్వడం మొదలుపెట్టారు. నవ్వండి నాయనా, బాగా నవ్వండి అనుకుని, తనూ పగలబడి నవ్వింది. ముందు వరసలో కూర్చున్న స్టూడియో పెద్దాయన వెనక్కి తిరిగి, వచ్చే ఏడాదీ ఉంటున్నావమ్మా అన్నాడు.

బయటికొస్తుంటే ఎవరో పెద్దమనిషి పరుగున వచ్చి టోపీ తీశాడు.

“మీరు... మిసెస్ టింకిల్‌పా గారు కదూ?”

బెర్నీస్ ఆయన్ని సరిదిద్దబోయింది. ఎడిత్ ఆమె చెయ్యి నొక్కింది.

“అవును బాబూ. మాంసం కొట్టు టింకిల్‌పా గారి అమ్మాయిని.”