దారి చెప్పిన సారు, పేరు చెప్పని జబ్బు

పోయిన ఆదివారం పొద్దున ఎమ్మిగనూరు నుంచి సార్ భార్య ఫోన్ చేశారు. "మీ సారు పోయినారు నాయనా," అన్నారు. ఆదోని డిగ్రీ కాలేజీలో నాకు జంతుశాస్త్రం చెప్పిన సార్ ఆయన. పాఠకులు మన్నించాలి, నివాళికి కావలసిన గాంభీర్యం నా దగ్గర ఎప్పుడూ లేదు. ఆ సంగతి సార్‌కూ తెలుసు.

నీట్‌లో రెండుసార్లు బోల్తాపడి బీఎస్సీలో చేరాను. మొదటి వారమే లేచి నిలబడి, "నేను డాక్టరు కాకపోవడంతో క్యాన్సర్ పరిశోధన ఒక మహానుభావుణ్ణి కోల్పోయింది సార్," అని సంతాపం ప్రకటించాను. క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు.

"డాక్టరైతేనే సేయాలని ఎవురు సెప్పినారప్పా నీకు?"

బోర్డు మీద నిచ్చెన గీశారు. అడుగున బీఎస్సీ. పైన ఎమ్మెస్సీ, బయోకెమిస్ట్రీయో బయోటెక్నాలజీయో. ఆపైన ఫెలోషిప్ పరీక్ష, పీహెచ్‌డీ. "డాక్టరు రోగిని సూస్తాడు, నువ్వు కణాన్ని సూడు. పదేండ్లు పడతాది. మద్దెలో జోకులేసుకో, ఎవురూ అడ్డం రారు."

అడ్డం వచ్చింది గోనెగండ్లలో మా అవ్వే. మా ఊళ్లో క్యాన్సర్ అంటే 'పెద్ద జబ్బు'. పేరు పలికితే ఇంటికొస్తుందని భయం, ఇక చదవడం కూడానా! సార్ బస్సెక్కి వచ్చి అవ్వ పక్కన కూర్చున్నారు.

"అవ్వా, పత్తికి పురుగు పడితే ఏం సేస్తావు?"

"ఏం పురుగో సూసి మందు కొడతాము."

"ఏం పురుగో తెలీకుంటే?"

"తెలీకుంటే ఏం మందని కొట్టేది? పంట పోతాది."

"మీవోడు సదివేది అందుకేనవ్వా."

"అట్లయితే పోనీ," అంది అవ్వ.

పోయినేడు, నా ఎమ్మెస్సీ చివర్లో, సార్ బాగా చిక్కిపోయారు. అడిగితే "గ్యాసప్పా" అన్నారు. జీర్ణకోశం పాఠం మూడు వారాలు చెప్పిన మనిషి కదా, నమ్మాను. ఫెలోషిప్ వచ్చి, పీహెచ్‌డీ సీటు దొరికి, ఆ కబురుతో పరుగెత్తేసరికి ఆయన మంచంలో ఉన్నారు. కడుపులో క్యాన్సర్.

"మా అవ్వకు పాఠం చెప్పి, నాకు గ్యాసంటారా సార్?"

"సెప్పింటే నువ్వు సదివేవాడివా? ఈడొచ్చి కూసునేవాడివి." దుప్పటి సర్దుకుంటూ అన్నారు: "అదొక్కటే కాదులేప్పా. గ్యాసు గ్యాసని నాకు నేనే సెప్పుకున్నా. ఆస్పత్రికి ఆలస్యంగా పోయినా. నాకూ భయమే."

నేను జోకు వెతుక్కున్నాను. దొరకలేదు.

అంత్యక్రియల రోజు వాకిలి నిండా జనం. సార్‌కేమయిందని ఎవరో అడిగితే, "పెద్ద జబ్బంట" అని అందరూ గొంతు తగ్గించారు. నాతో వచ్చిన అవ్వ కర్ర ఊతంతో లేచింది.

"క్యాన్సరు," అంది, వీధిదాకా వినబడేలా. "పేరు సెప్పండప్పా. క్యాన్సరు."

గడప పక్కన సార్ చెప్పులున్నాయి. వాటి కుట్లలో చాక్‌పీసు పొడి ఇంకా తెల్లగానే ఉంది.