పిడికిట్లో దిగిన పన్ను

భావనపాడులో కుట్టు పడవలు చేసేవాడు దాలయ్య. మేకు ఒక్కటీ వాడడు. పలకకీ పలకకీ మధ్య కొబ్బరి పీచు దట్టించి, నానబెట్టిన పీచుతాడుతో బిగించి కుడతాడు; పొడితాడైతే కుట్టు బిగవదు. మాట తక్కువ. పని చెడగొట్టినవాణ్ణి తిట్టడు, కొడతాడు.

1968 వేసవిలో బావమరిది అప్పలసూరి తాడు నానబెట్టకుండానే ఒక వరస కుట్టేశాడు.

"ఇదేటిరా, పొడితాడు?"

"సముద్రంలో ఎలాగూ తడుస్తాది కదా బావా!"

సూరి నవ్వు ఆగకముందే దాలయ్య గుద్దాడు. ముందుపళ్లు రెండు విరిగాయి. నెత్తురు ఉమ్ముతూ లేవబోతే మళ్లీ గుద్దాడు. చివరికి ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. దాలయ్య భార్య లక్ష్మణమ్మకి, అంటే సూరి అక్కకి, తెలిస్తే ఇద్దరికీ కూడు పుట్టదు. కాబట్టి ఇంట్లో చెప్పే కథ ప్రకారం సూరి పడవ అంచు మీద పడ్డాడు. దాలయ్యకి జెల్ల చేప ముల్లు గుచ్చుకుంది.

పిడికిలి ఎముక మీద చిన్న గాటు. ఉప్పునీళ్లతో కడుక్కుని పనిలో పడ్డాడు. మర్నాటికి వేళ్లు అరటికాయల్లా ఉబ్బాయి. మూడో రోజు చలిజ్వరం. అత్త జగ్గమ్మ ఒంటి మీద పాకే సర్పి రోగం అనుకుని మణికట్టు నుంచి మోచెయ్యి దాటేదాకా ఎర్ర జేగురుమన్ను పూసింది. ఎరుపు మీద ఎరుపు. కింద ఏది పాకుతోందో ఎవరికీ కనబడలేదు.

నాలుగో రోజు లక్ష్మణమ్మ అతన్ని బండిలో వేసుకుని పట్నం ఆస్పత్రికి తెచ్చింది. అక్కడ కట్లు కట్టే ఎర్రన్న ముందు తడిదూదితో జేగురు తుడిచాడు. మణికట్టు నుంచి ఒక ఎర్రగీత చంక వైపు ఎక్కుతోంది. నాడి సన్నగా పరిగెడుతోంది.

"ఏటి గుచ్చుకున్నాదిరా?"

"జెల్ల ముల్లు."

"ముల్లయితే బెజ్జం పడతాది. ఇది నెలవంక లాగున్నాది. ఎవుడి పన్నురా ఇది? పంటి గాటయితే కీలు దాకా కోసి సూడాల. అబద్దమాడితే సెయ్యి పోతాది, ఎనకాలే నువ్వూ పోతావు."

దాలయ్య చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. లక్ష్మణమ్మ వంగి గాటు చూసింది.

"మా సూరిగాడి పన్నా?" అని అతని చెంప పగలగొట్టింది. "ఇద్దరూ కలిసి నన్ను ఎర్రిదాన్ని సేసినారా!"

"వాడిదే" అన్నాడు దాలయ్య.

"ఇంక ఆపమ్మా. మిగతాది డాక్టరుగారు సూసుకుంటారు" అన్నాడు ఎర్రన్న.

చీము పట్టిన చోట మత్తుసూది సరిగా పనిచెయ్యదు. ఆస్పత్రి మనుషులు ఇద్దరు కాళ్లు పట్టుకున్నారు, ఎర్రన్న భుజం మీద మోకాలు వేశాడు. కత్తి కీలు దాకా దిగింది. దాలయ్య అరుపుకి వరండాలో జనం లేచి నిలబడ్డారు. అతని తన్నుకి ఒకడు గోడకి కొట్టుకున్నాడు. చీము ఎగచిమ్మింది. డాక్టరు పట్టకారుతో నూకగింజంత తెల్లముక్క లాగి పళ్లెంలో వేశారు. పన్ను.

పెన్సిలిన్ సూది పొడిచాక, కట్టు కడుతూ ఎర్రన్న తనకి తెలిసిన తీరులో చెప్పాడు.

"రక్తనాళం లోపలా నీ పడవ లాగే కుట్టుంటాదిరా. సన్నపొర, పలక పక్కన పలక. సూక్ష్మజీవులు దిగితే ఒళ్లే ఆ కుట్టు వదులు సేస్తాది, తెల్లకణాలు బయటికెళ్లి కొట్టుకోడానికి. ఆ సందుల్లోంచే నీరూ కారతాది. అదే వాపు, అదే మంట. సేతిలోనే ఉంటే సెయ్యి వాస్తాది. నెత్తుట్లోకి ఎక్కినాదంటే ఒళ్లంతా కారతాది. అప్పుడు నాళాల్లో నెత్తురికి తోపుండదు, మనిషి మునిగిపోతాడు."

దాలయ్య రెండో చేత్తో కట్టు అంచు తడిమాడు.

"మరి మళ్లీ బిగుస్తాదా?"

"పురుగు సస్తే బిగుస్తాది."

పన్నెండు రోజులకి గీత పోయింది, జ్వరం పోయింది. చెయ్యి నిలిచింది. కానీ చీము కీలుని లోపల తినేసింది. నడిమివేలు వంగదు.

రెండు నెలలకి మొదటి పడవ కుట్టాడు. పైకి బాగానే ఉంది. లోపల నీళ్లు పోసి చూస్తే ఒకే వరసలో మూడుచోట్ల చెమ్మ. ఎవరూ చూడలేదు. అతను కత్తి తీసి ఆ వరసంతా, నలభై కుట్లు, తెగ్గోశాడు. తరవాత బావమరిదిని పిలిచాడు.

"నా సెయ్యి లాగలేదురా. నేను పట్టుకుంటాను, నువ్వు లాగు."

"నా పళ్లు రాలగొట్టిన సెయ్యేనా అది బావా?"

"నోరు మూసుకుని లాగు."