‘అన్నీ నావే’ అన్న పాపానికి

మా వాళ్ళలో ఒక అలవాటుంది. శ్రీకాకుళం వైపు నుంచి కలకత్తా రైలెక్కేవాడు ఒక్కడి సామానుతో రాడు. ఈ ఊరివాళ్ళ బియ్యం మూట, ఆ ఊరివాళ్ళ జీడిపప్పు, ఇంకెవరి కొడుక్కో ఆవకాయ జాడీ, అన్నీ వాడి నెత్తినే. దారిలో ఎవరైనా ఇవి ఎవరివని అడిగితే ‘అన్నీ నావే’ అనాలి. వేరేవాళ్ళవి అన్నామంటే సవాలక్ష ప్రశ్నలు వేసి మూట అక్కడే దింపేస్తారని భయం. కలకత్తా ఖిదిర్‌పూర్‌లో పుట్టి పెరిగినా మేమూ చిన్నప్పటి నుంచీ అలాగే అన్నాం. ఈ నియమం ఎవడు పెట్టాడో గానీ, వాణ్ణి పట్టుకుని నాలుగు దులపాలనిపిస్తుంది నాకు.

మా తమ్ముడు కార్పొరేషన్‌లో చెత్త లారీ నడుపుతాడు. మూడేళ్ళ కిందట చిన్నాన్న కూతురి పెళ్ళికని ఊరెళ్ళి ఐదు మూటలతో తిరిగొచ్చాడు. ఖిదిర్‌పూర్‌లో బస్సు దిగగానే మామూలు బట్టల్లో ఉన్న అధికారులు నలుగురు చుట్టుముట్టి, ఈ సామాను ఎవరిదని అడిగారు. వీడు అలవాటు కొద్దీ అన్నీ నావే అన్నాడు. ఐదో మూటలో పైన పాత బట్టలు, కింద గంజాయి. పలాసలో రైలెక్కేటప్పుడు పక్క ఊరివాణ్ణని చెప్పుకుని ఎవరో ఇచ్చిన మూట అది. హౌరా పక్కన టికియాపారాలో మా బావ ఉన్నాడు, వచ్చి తీసుకుంటాడు అన్నాడట. ఆ బావా రాలేదు, ఆ మనిషి ఫోనూ మళ్ళీ మోగలేదు.

గోనెసంచితో కలిపి తూస్తే ఇరవై కిలోల ఆరువందల గ్రాములు వచ్చింది. ఆ ఆరువందల గ్రాములే మా కొంప ముంచాయి. మేం పెట్టుకున్న బెంగాలీ వకీలు చాయ్ తాగుతూ నిదానంగా వివరించాడు.

“ఇరవై దాటకపోతే బెయిలు మామూలు పద్ధతిలో అడగొచ్చు దీదీ. దాటితే వ్యాపారానికి తెచ్చినట్టు లెక్క. అప్పుడు మీ తమ్ముడు తప్పు చేసి ఉండడని జడ్జిగారికి నమ్మకం కలగాలి. బయటికొస్తే మళ్ళీ అలాంటి పని చేయడనీ నమ్మకం కలగాలి. రెండూ కలిగితేనే బెయిలు.”

“తప్పు చేయలేదని ఎక్కడ తేలుతుంది?”

“విచారణలో.”

“విచారణ ఎప్పుడు?”

“అదే చూడాలి,” అని గ్లాసు పక్కన పెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. విచారణ అయితే గానీ నిర్దోషి అని తేలదు, నిర్దోషిలా కనిపిస్తే గానీ విచారణ దాకా ఇంట్లో ఉండనివ్వరు. ఇలాంటి లెక్క మా బడిలో ఐదో తరగతి పిల్లకు ఇచ్చినా, టీచర్, ఇందులో ఏదో తప్పుందని చేయి ఎత్తుతుంది.

మొదటిసారి బెయిలు అడిగినప్పుడు పోలీసుల కేస్ డైరీ రాలేదన్నారు. తర్వాత సర్కారు వకీలు గడువు అడిగాడు. ఆ తర్వాత ఎండలు ఎక్కువగా ఉన్నాయని వకీళ్ళంతా పని మానేశారు. తీరా వాదనలు జరిగిన రోజున మా వకీలు గోనెసంచి బరువు తీసేయాలి కదా అన్నాడు. ఆ సంగతి విచారణలో తేలుతుందన్నారు. మూట వేరేవాళ్ళది అన్నాడు. అదీ విచారణలోనేనట. చివరికి, సామాను తనదేనని ఇతనే ఒప్పుకున్నాడుగా అని సర్కారు వకీలు కూర్చున్నాడు. అధికారుల ముందు అన్న మాట పట్టుకుని శిక్ష వేయలేరని మా వకీలు చెబుతూనే ఉన్నాడు గానీ, మూట వాడి భుజం మీద దొరికిందన్న సంగతిని ఎవరు మాత్రం చెరపగలరు? బెయిలు లేదన్నారు. పై కోర్టుకు వెళితే అక్కడా అదే మాట.

కోర్టు నుంచి వచ్చినప్పుడల్లా మా మరదలు గుమ్మంలో నిలబడి, “ఏటన్నారు వొదినా?” అనేది. వాయిదా అన్న మాట చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

ఇదంతా చదివి చట్టం వద్దంటున్నాననుకోకండి. ఏక్‌బాల్‌పూర్ నుంచి మా బడికొచ్చే పిల్లల్లో ఇద్దరి అన్నలు ఈ మత్తుకే పోయారు. పట్టుబడ్డవాణ్ణి అసలు బయటికి వదలకూడదని స్టాఫ్ రూములో బల్ల గుద్ది చెప్పినదాన్ని నేనే. అప్పుడు పట్టుబడ్డవాడు మావాడు కాదు మరి. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది, కోపమూ వస్తుంది, ఎవరి మీదో సరిగా తెలియదు.

రెండేళ్ళ ఐదు నెలలు గడిచాయి. పదకొండు మంది సాక్షుల్లో ఒక్కరే వచ్చి చెప్పారు. మిగతావాళ్ళలో ఒకరికి బదిలీ, ఒకరికి జ్వరం, ఇంకొకరికి సమన్లే అందలేదు. రెండోసారి పై కోర్టుకు వెళితే ఈసారి బెయిలు ఇచ్చారు. కేసు మంచిచెడ్డల జోలికి పోవడం లేదని, విచారణ ఎప్పటికి ముగుస్తుందో తెలియకుండా మనిషిని ఇంతకాలం లోపల ఉంచడం తగదని రాశారు. ఊరు దాటకూడదు, వారానికోసారి ఠాణాలో సంతకం పెట్టాలి.

జైలు గేటు దగ్గర వాడు చిన్న సంచితో బయటికొచ్చాడు. జుట్టు సగం నెరిసింది. బస్టాపు దాకా నడిచి, అక్కడ ఆగాడు.

“అయితే అప్పా, నాను సెయ్యలేదని కోర్టోళ్ళు నమ్మినారన్నమాట.”

“అది కాదురా. శానా లేటయిపోయిందని ఒగ్గీసినారు. నమ్మడం, నమ్మకపోవడం తరవాత చూస్తారట.”

వాడు సంచి భుజం మార్చుకున్నాడు. “పోనీలే. నువ్వు నమ్మినావు కదా?”

ఒక్క వాయిదా తప్పకుండా వెళ్ళాను. నెలనెలా జైలు ములాఖత్‌లో కూర్చుని పిల్లల సంగతులు, వకీలు సంగతులు చెప్పాను. నమ్ముతున్నానన్న ఒక్క మాట మాత్రం వాడికి ఎప్పుడూ చెప్పలేదని అప్పుడు తెలిసింది. అంత బరువున్న మూటలో ఏముందో చూడకుండా ఎలా తెచ్చాడని నాలో నేను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నానో నాకే తెలుసు.

“అదిగో బస్సు, ఎక్కు. ఇంటికెళ్ళి మాటాడుకుందాం,” అన్నాను.

వాడు ఎక్కాడు. దారంతా ఇంకేమీ అడగలేదు.