దేవుడి సినిమాకు అమ్మను తీసుకుపోతే

సినిమా హాల్లో కన్నతల్లి కళ్ళద్దాలు గుంజుకున్న కొడుకును ఎక్కడైనా చూశారా? లేదా? అయితే చదవండి, చదివి నన్ను తనివితీరా తిట్టుకోండి.

నాన్న సంవత్సరీకం కూడా అయిపోయింది, అమ్మ మాత్రం ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న కుండల్‌వాడిలోని మా కిరాణా దుకాణంలో నాన్న కూర్చునే చోటే కూర్చుని పప్పులు తూచేది. అన్నం మాత్రం సరిగా తినేది కాదు. ఇట్లాగే ఉంటే ఈమె కూడా దక్కదేమోనని నాకు భయం పట్టుకుంది.

అప్పుడు నా మట్టిబుర్రకు ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. నాందేడ్‌లో త్రీడీ సినిమా! పోస్టర్ నిండా మంచుకొండలు, మబ్బుల్లో శివుడు, లోయ మీద తాడు పట్టుకుని వేలాడే హీరో. భక్తికి భక్తి, వినోదానికి వినోదం.

"అమ్మా, దేవుని సినిమా. పోదాం నడువు."

"అండ్ల ఎవ్వలు సావరు గద?"

"దేవుని సినిమాల సావుడేందే! జిమ్మేదారి నాది."

ఆట మొదలైన కాసేపటికే హీరో తండ్రి మంచం పట్టాడు. అమ్మ ముఖాన ఉన్న నల్లద్దాలు చటుక్కున లాగేశాను.

"ఏందిరా?"

"గీ అద్దాలు కరాబున్నయే. తుడిసిస్త."

ఆయన చచ్చేదాకా తుడిచాను. తీరా చూస్తే ఆ శవాన్ని శివుడి కొండ మీదికి మోసుకుపోవడమే హీరో చేసే సాహసమట! ఇంకేముంది, శవం కనబడితే అద్దాలు లాగడం, మంచుకొండ కనబడితే తగిలించడం. హాలంతా కేకలు పెడుతుంటే మా అమ్మకు సగం సినిమా మసకమసక.

"అరే భాయ్, అమ్మా కో దేఖ్‌నే దో నా!" అన్నాడు వెనక సీటాయన, అమ్మను చూడనిమ్మని. నలుగురూ నవ్వారు.

చివరికి కొండకొమ్మున చితి పేర్చారు. శివుడు మబ్బుల్లోంచి వంగి చూస్తున్నాడు. నా చేయి మళ్ళీ లేచింది. అమ్మ దాన్ని గట్టిగా పట్టుకుంది.

"ఉండనియ్యిరా. ఆడోళ్ళు మసాన్లకు రావద్దని గా దినం నన్ను గడప కాడ్నే ఆపిండ్రు. మీ నాయిన ఎట్ల పోయిండో నేను సూడలే. గీడనన్న సూడనియ్యి."

నేను చేయి దించేశాను. తెర మీద మంట లేచింది. నిప్పురవ్వలు తేలుతూ మా ముందుకొచ్చాయి. అమ్మ వాటి వైపు చేయి చాపింది. అద్దాల కింద నుంచి కన్నీళ్ళు ధారగా కారాయి. నేనూ సిగ్గు లేకుండా ఏడ్చాను.

"మీ నాయిన గూడ గిట్లనే మంచిగ పోయిండా కొడుకా?"

నాన్న దహనం నాడు వాన. తడి కట్టెలు అంటుకోలేదు. నేనే డీజిల్ పోసి నిప్పు పెట్టాను. పొగకు దగ్గుతూ, ఎప్పుడైపోతుందా అని మగవాళ్ళమంతా శ్మశానంలోని రేకుల షెడ్డు కింద నిలబడ్డాం.

"గిట్లనే పోయిండమ్మా," అన్నాను.

సినిమా అయ్యాక, ఆ సాయంత్రం బస్టాండ్ దగ్గర అమ్మ తానే అడిగి పూరీలు తెప్పించుకుంది. ప్లేటు ఖాళీ చేసింది.

కాబట్టి మహాజనులారా! పోస్టర్ చూసి సినిమా కథ చెప్పనని, అమ్మ కళ్ళద్దాల మీద చేయి వేయనని, ఆ ముక్కంటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అబద్ధం ఆడనని మాత్రం ఒట్టు పెట్టలేను. నాన్న నిజంగా అట్లాగే పోయాడా అని అమ్మ ఇప్పటికీ అప్పుడప్పుడు అడుగుతుంటుంది.