పక్కటెముక

ఆ మధ్య శాలిబండలో బస్సెక్కినప్పుడు నా పక్క సీట్లో ఒక పెద్దాయన కూర్చున్నాడు. పాల వ్యాపారమట. బస్సు కుదిపినప్పుడల్లా రెండు చేతులతో పక్కటెముకలు అదుముకుంటున్నాడు. దెబ్బ తగిలిందా అని అడిగాను.

"ప్రొస్టేట్ క్యాన్సర్ సార్. మగ హార్మోన్‌ను ఆపేటందుకు సూదులిస్తున్నరు. దాంతోని బొక్కలు గుల్లయినయ్. మొన్న మనవరాలు ఉరికొచ్చి వాటేసుకుంటే పక్కబొక్క ఇరిగింది."

"డాక్టరుకు చెప్పారా?"

"బాత్రూంల పడ్డ అని చెప్పిన. నిజం తెలిస్తే ఇంట్లోల్లు పోరిని నా దగ్గరికి రానియ్యరు." నా వైపు తిరిగాడు. "సూది మానేస్తే రోగం పెరుగుతది, ఏస్కుంటే గిట్ల. ఏం జేయాలె సార్?"

ఆయన కళ్ళు నిండిపోయాయి. ఎముకలకూ మందులుంటాయని, డాక్టరుకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పమని అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఆసుపత్రి స్టాపు వచ్చింది. ఆ రోజే సూది వేయించుకోవాలట. అయినా లేవలేదు. కండక్టర్ మళ్ళీ కేకేశాడు. నా స్టాపు ఇంకా దూరమే. అయినా లేచి చెయ్యి అందించాను.

ఆయన ఆ చేతిని కాసేపు భయంగా చూసి, మెల్లగా తన చెయ్యి అందులో పెట్టాడు.

"గట్టిగ పట్టకు సార్," అన్నాడు.