ముక్కుతో కారు కొనే నరసింహం

మా లక్ష్మీనరసింహం దేన్నైనా ముక్కుతోనే కొంటాడు. కందిపప్పు, బనీను, గొడుగు, గడియారం, ఏదైనా సరే ముందు వాసన చూడాలి. పెళ్ళిచూపుల్లో బాలత్రిపురసుందరి కాఫీ తెచ్చి ఇస్తే, పిల్లని చూడకుండా కాఫీని రెండు నిమిషాలు వాసన చూసి ‘ఖాయం చేసుకోండి’ అన్నాడట. ఆవిడ ఇప్పటికీ తనని చేసుకున్నాడో కాఫీపొడిని చేసుకున్నాడో తెలియదంటుంది.

ఈ జబ్బు చిన్నప్పటి నుంచీ ఉంది. నేనూ వాడూ గుంటూరులో ఐదో తరగతి దాకా ఒకే కాన్వెంట్లో చదివాం. పరీక్ష పేపరు ఇవ్వగానే మేమంతా ప్రశ్నలు చదివితే వాడు పేపరు వాసన చూసేవాడు. సిస్టర్ గారు బెత్తంతో వస్తే దాన్నీ వాసన చూసి, ‘ఇది కొత్తది సిస్టర్, ఎక్కువ తగుల్తుంది, పాతది తెండి’ అన్నాడు. ఆవిడ నవ్వు ఆపుకోలేక వాణ్ని వదిలేసి, వాడి పక్కన కూచున్న పాపానికి నన్ను కొట్టింది. మా అరవై ఏళ్ళ స్నేహంలో పనుల పంపకం అలాగే జరుగుతూ వచ్చింది.

దేవుడు ముక్కున్నవాడికి మిరపకాయలు ఇస్తాడు. ఎగుమతుల కంపెనీలో సరుకు నాణ్యత చూసే ఉద్యోగం వచ్చింది వాడికి. ముప్పై నాలుగేళ్ళు మిర్చియార్డులో టిక్కీల మధ్య బతికాడు. టిక్కీ అంటే మిరపకాయల బస్తా. పైన మెరిసే కాయలుంటాయి, అడుగున తాలుకాయలుంటాయి, తూకం కోసం మధ్యలో నీళ్ళు చల్లి ఉంటారు. నరసింహం బస్తాలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, గుప్పెడు కాయలు లాగి, విరిచి, ముక్కు దగ్గర పెట్టి, ‘నెమ్ముంది’ అనేవాడు. అంతే, అప్పీలు లేదు. యార్డులోకి అడుగుపెడితే మనమంతా దగ్గి, తుమ్మి, కన్నీళ్ళు పెట్టుకుంటాం. వాడు మాత్రం మల్లెతోటలో నిలబడ్డట్టు నిలబడేవాడు.

రిటైరయ్యాక బస్తాలు కరువై కార్ల మీద పడ్డాడు. మా వీధిలో ఎవరు కారు కొనాలన్నా వీడు వెళ్ళాలి. మామూలు మనుషులు ఇంజను చూస్తారు, మైలేజీ అడుగుతారు, టైర్లని కాలితో తన్ని ఏదో తెలిసినట్టు తల ఊపుతారు. వీడు డిక్కీ తెరిచి, మ్యాటు ఎత్తి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, ఆ చెయ్యి వాసన చూస్తాడు. తర్వాత వెనకసీట్లో బోర్లా పడుకుని కుట్ల మధ్య ముక్కు పెడతాడు. చూసేవాళ్ళకి కారు కొంటున్నాడో కారుకి దిష్టి తీస్తున్నాడో అర్థం కాదు.

తాడేపల్లిలో ఒకాయన అద్దంలా తళతళలాడే పాత సెడాన్ అమ్మకానికి పెట్టాడు. ఒక్క చేతి మీద నడిచిందనీ, ఆ చెయ్యి కూడా గుడికీ ఇంటికీ తప్ప తిప్పలేదనీ ప్రమాణం చేశాడు. నరసింహం డిక్కీలోంచి బయటికొచ్చి, ‘ఏవండీ, ఇది కృష్ణలో ఎన్నాళ్ళు స్నానం చేసింది?’ అన్నాడు. ఆయన మొహం పాలిపోయింది. వరదలో మూడు రోజులు మునిగిన బండట అది. మర్నాటికి గుంటూరులో ఆ ముక్కు పేరు మారుమోగింది. ఆ ముక్కు గుంటూరు నుంచే చీరాల సముద్రాన్ని వాసన చూసి ఆటుపోట్లు చెబుతుందని నేనే నలుగురికీ చెప్పాను. నేను చెప్పేవాటిలో సగం నిజం ఉంటుంది. ఏ సగమో వెతుక్కోవడం మీ పని.

ఒక్కటి మాత్రం నాకు వింతగా ఉండేది. ఒకరోజు వాళ్ళింట్లో పాలు మాడి అడుగంటాయి. ఆ కాఫీ నోట్లో పెట్టుకుంటే బొగ్గు నమిలినట్టుంది. నరసింహం గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, ‘ఆహా, ఏం వాసనరా’ అన్నాడు. సుందరమ్మ గారు నావైపు చూసి తల దించుకుంది. పతిభక్తి గురించి విన్నాను కానీ సతిభక్తి అప్పుడే చూశాననుకున్నాను.

ఇక నా సంగతి. మా వియ్యంకుడు బుల్లయ్యది కనిగిరి. నిరుడు ఆయన ఎత్తయిన పెద్ద బండి కొన్నాడు. అది ఎక్కాలంటే నిచ్చెన, దిగాలంటే ధైర్యం కావాలి. మా ఆవిడ పున్నమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ బండి ఎక్కడానికి మేం ముగ్గురం కలిసి ఆవిణ్ని లారీలోకి టిక్కీ ఎత్తినట్టు ఎత్తాం. దిగాక బుల్లయ్య మీసం దువ్వుకుంటూ అన్నాడు:

‘బావగారూ, మీరింకా ఆటోలోనేనా?’

ఆదివారం భోజనాల దగ్గర, పాతికమంది బంధువుల ముందు అన్నాడు. నా నాలుకకి నాతో సంబంధం ఉండదు. ‘ఆటో ఏంటి బావగారూ, కొత్త సెడాన్ చూసేశాను. వచ్చే నెల ఇంట్లో ఉంటుంది. పున్నమ్మ కూచోడానికి వీలుగా, అన్వితకి కాళ్ళు చాపుకోడానికి వీలుగా, వెనకాల ఆవకాయ జాడీలు పట్టేలా’ అనేసింది. అన్విత మా మనవరాలు. ‘కలరేంటి తాతయ్యా?’ అంది. ‘ముత్యాల తెలుపు’ అన్నాను. అబద్ధానికి రంగు కూడా వేశాక వెనక్కి తీసుకోవడం ఎలా?

‘శుభం. సంతకం పెట్టే రోజు నేనూ వస్తా’ అన్నాడు బుల్లయ్య.

నా దగ్గర ఉన్నదల్లా ఒక్క ఫిక్స్‌డ్ డిపాజిట్. అది పున్నమ్మ మోకాళ్ళ ఆపరేషన్‌ది. ఆ రాత్రి ఆవిడతో చెప్పాను. ‘మోకాళ్ళు ఎక్కడికీ పోవులే, నడవలేవుగా అవి’ అంది. కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది. పాత కారు కొంటే ఆపరేషనూ అవుతుంది, కారూ వస్తుంది. కానీ ముత్యాల తెలుపు కొత్త కారు అన్న నోటితో పాత కారు అని బుల్లయ్యకి ఎలా చెప్పను?

ఆ రోజు రానే వచ్చింది. షోరూముకి నేను, పున్నమ్మ, నరసింహం వెళ్ళాం. బుల్లయ్య ముందే వచ్చి, తానే కొంటున్నట్టు సోఫాలో కూచుని జ్యూసు తాగుతున్నాడు. యాస్మిన్ అనే సేల్సమ్మాయి చిరునవ్వుతో ఫారాలూ పెన్నూ నా ముందు పెట్టింది. కారు నిజంగానే ముత్యాల తెల్లగా ఉంది. పున్నమ్మ దాని పక్కన నిలబడి, తాకితే మాసిపోతుందేమోనన్నట్టు చేతులు వెనక్కి పెట్టుకుంది. నేను పెన్ను తీశాను. క్యాపు తీశాను, పెట్టాను, మళ్ళీ తీశాను.

‘ఆగరా ఆదాం’ అని నా చెయ్యి పట్టుకున్నాడు నరసింహం. ‘సరుకు చూడందే సంతకమా?’

‘సార్, ఇది కొత్త కారు సార్’ అంది యాస్మిన్.

‘కొత్తదాన్నే చూడాలమ్మా. పాతదాని గుట్టు లోకానికంతా తెలుసు.’

డిక్కీ తెరిపించాడు. మోచెయ్యి దూర్చాడు. వెనకసీట్లో బోర్లా పడుకున్నాడు. షోరూమంతా చుట్టూ చేరింది. కాసేపటికి లేచి కళ్ళజోడు సర్దుకుని నిట్టూర్చాడు.

‘ఘాటు.’

‘అది కొత్త కారు వాసన సార్. అందరికీ ఇష్టం’ అంది యాస్మిన్.

‘కళ్ళంలోంచి నేరుగా వచ్చిన కాయకీ ఇదే ఘాటు. మొదటివారం అందరికీ ఇష్టమే. రెండోవారం దగ్గు. మా చెల్లెమ్మ పున్నమ్మకి ఈ జిగురు వాసన పడదు, ఆయాసం వస్తుంది. ఆరు నెలలు కోల్డ్ స్టోరేజీలో పెట్టండి. అప్పుడు వచ్చి చూస్తాం.’

‘కారునా సార్?’

‘కారునే. గుంటూరులో ఏసీలో నిలవపెట్టిన మిర్చికే కదమ్మా గిరాకీ.’

బుల్లయ్య జ్యూసు పక్కన పెట్టాడు. ‘ఏంటండీ ఈ గోల? బావగారూ, డబ్బు చాలకపోతే చెప్పొచ్చుగా, దాచుకోవడం ఎందుకు?’

నా చెవులు కాలిపోయాయి. నరసింహం ఆయన వైపు తిరిగి చాలా మర్యాదగా అన్నాడు: ‘డబ్బా? మా ఆదాం పెన్ను తీసి కూచున్నాడు, చూశారుగా. ఆపింది నేను. ఆడమనిషి ఊపిరి కంటే రంగు ముఖ్యమంటారా? మీరు పెద్దలు, మీరు పెట్టమంటే పెట్టేస్తాడు.’

ఆ మాట తర్వాత బుల్లయ్య పెట్టమని ఎలా అంటాడు? అదే సమయానికి పున్నమ్మ రెండుసార్లు దగ్గింది. పెళ్ళయి నలభై ఏడేళ్ళయింది, ఇంత సమయానికి దగ్గడం ఎప్పుడూ చూడలేదు.

నేను పెన్ను విసిరేసి, ‘నీ ముక్కు కోసి కారం పెట్టా, పరువు తీశావు కదరా’ అని షోరూం అదిరిపోయేలా అరిచాను. అరుపు బుల్లయ్య కోసం. లోపల నా గుండెల మీంచి ఎవరో నాలుగు టిక్కీలు దించినట్టుంది.

వారం తిరక్కుండా నరసింహమే వచ్చాడు. దర్శిలో విత్తనాల కొట్టు అస్లాం తన సెడాన్ అమ్ముతున్నాడని, నాలుగేళ్ళ బండి అని, చూసొద్దామని. మా పాత మెకానిక్ సిలార్ కూడా బయల్దేరాడు. మే నెల, రోడ్డు మీద గుడ్డు కొడితే ఆమ్లెట్ అయ్యే ఎండ. చేరేసరికి కారు కొట్టు ముందు ఎండలోనే నిలబడి ఉంది. బూడిదరంగు. సీటు ఎత్తు పున్నమ్మ కోసమే కొలిచి చేసినట్టుంది.

అస్లాం డిక్కీ తెరిచాడు.

నేను నాలుగడుగులు వెనక్కి వేశాను. సిలార్ భుజం మీది తువ్వాలు ముక్కుకి కట్టుకున్నాడు. కాకి ఒకటి వచ్చి కరెంటు తీగ మీద కూచుంది. అస్లాం నాలుక కరుచుకున్నాడు. ‘అయ్యో, మర్చేపోయానండీ. సోమవారం చీరాల నుంచి తెచ్చిన ఎండుచేపలు. స్టెప్నీ దగ్గర పెట్టా.’ ఆ రోజు శుక్రవారం.

కానీ అప్పటికే నరసింహం డిక్కీలోకి వంగిపోయాడు. మడి కట్టుకునే ఇంట్లో పుట్టి, కోడిగుడ్డు పేరెత్తితే పక్కకి జరిగే మనిషి, ఆ సంచికి జానెడు దూరంలో మొహం పెట్టి, ఛాతీ నిండా గాలి పీల్చి, కళ్ళు మూసుకుని తీర్పు చెప్పాడు:

‘పరిశుభ్రం. కొత్త దూది వాసన. కొనెయ్యరా.’

కాకి ఒకసారి అరిచింది. వాడు కళ్ళు తెరిచి మా ముక్కుల మీది చేతులూ తువ్వాళ్ళూ చూశాడు. తర్వాత సంచి చూశాడు. ఎగిరి గంతేసి మూడుసార్లు ఆంజనేయ దండకం మొదలెట్టాడు.

బేరం మాత్రం కుదిరింది. తిరిగొచ్చేటప్పుడు అద్దాలన్నీ దించుకుని ఆ కార్లోనే వచ్చాం. అద్దంకి దాటాక అడిగాను.

‘ఎప్పటి నుంచిరా?’

‘ఏది?’

‘ముక్కు.’

వాడు కిటికీలోంచి ఖాళీ పత్తిచేలు చూస్తూ, ‘పన్నెండేళ్ళు. ముప్పై నాలుగేళ్ళ కారం ఊరికే పోతుందా? సుందరి మల్లెపూలు పెట్టుకున్నా, పాలు మాడబెట్టినా నాకు ఒకటే’ అన్నాడు.

‘మరి తాడేపల్లి కారు?’

స్టీరింగు దగ్గర సిలార్ గొంతు సర్దుకున్నాడు. ‘ముందురోజు నేనెళ్ళి సీటుబెల్టు పూర్తిగా లాగి చూశానండీ. చివర్న బురద. ఏ బండికైనా ముందు నేను చూసి నరసింహం గారికి చెప్తా. ఈ బండి కూడా నిన్ననే ఇంజను చూశా. డిక్కీ ఒక్కటే తెరవలేదు, పాపం.’

‘షోరూములో కారుకి ఏ రోగమూ లేదుగా. దానికెందుకు పెట్టావురా వంక?’

‘కారుకి లేదు. నువ్వు పెన్నుక్యాపు తీస్తూ పెడుతూ కూచున్నావు. యార్డులో మంచి సరుకు తెచ్చినవాడు బస్తా దించి టీకి పోతాడురా. నెమ్ము సరుకువాడు బస్తా మీద చెయ్యేసి నిలబడతాడు. ముక్కు పోయాక నేను చూసింది ఆ చెయ్యే. కొనేవాళ్ళూ అంతే. ‘నావల్ల కాదు’ అని నలుగుర్లో అనలేక చస్తుంటారు. నా ముక్కు వంకన బయటపడతారు. తిట్లంటావా, అవి నాకు. తిట్లకి వాసనుండదుగా.’

వీధిలో వీడు చెడగొట్టిన బేరాలన్నీ అప్పుడు వరసగా గుర్తొచ్చాయి. నేను ఏదైనా మంచి మాట అనాలనుకున్నాను. ‘ఛీ, నువ్వు కంపు కొడుతున్నావు, దూరం జరుగు’ అన్నాను. వాడు హాయిగా నవ్వాడు.

కారు మూడు నీళ్ళు కడిగాం. అయినా వాన పడితే ఇప్పటికీ డిక్కీలోంచి చీరాల సముద్రం పలకరిస్తుంది. పున్నమ్మ ఒక మోకాలి ఆపరేషన్‌కి ఆ కార్లోనే వెళ్ళొచ్చింది. రెండోది సంక్రాంతి దాటాక. నరసింహం గారు స్వయంగా వాసన చూసి ఎంపిక చేసిన కారు అంటే బుల్లయ్య కూడా కిక్కురుమనలేదు.

మొన్న పొద్దున్నే ఆయనే ఫోన్ చేశాడు. ‘బావగారూ, మా పెద్దాడు ఇంకా పెద్ద బండి బుక్ చేద్దామంటున్నాడు. ఆదివారం మీ నరసింహం గారిని ఒకసారి తీసుకొస్తారా? ఊరికే, వాసన చూడ్డానికి. ఊరికేనండీ, ఊరికే.’

అరుగు మీద కూచుని గులాబీ వాసన చూస్తున్న నరసింహానికి సంగతి చెప్పాను. అది ప్లాస్టిక్ గులాబీ.

‘గొంతు ఎలా ఉంది?’ అన్నాడు.

‘మీసం దువ్వుకుంటున్న గొంతు కాదు. ‘ఊరికే’ అని మూడుసార్లు అన్నాడు.’

నరసింహం గులాబీ పక్కన పెట్టి జేబురుమాలు తీసి ముక్కు శుభ్రంగా తుడుచుకున్నాడు.

‘అయితే ఈసారి ఘాటు చాలదురా ఆదాం. తుమ్ములు కూడా పెట్టాలి. పున్నమ్మని వెంట తీసుకురా, బాగా దగ్గుతుంది.’