చుక్కలపెట్టకు నేనంటగట్టిన తెగులు

ఏడేళ్ళుగా నేను మోస్తున్న బరువు కిలోన్నరకు మించదు. ఈకలతో సహా. నవ్వొస్తే నవ్వండి. నేనూ మొదట్లో అలాగే నవ్వేసి తప్పించుకుందామనుకున్నాను. మనుషులు మనుషుల్ని ముంచి హాయిగా నిద్రపోతున్న రోజుల్లో, ఒక కోడి గురించి ఈ ఒప్పుకోలు ఏమిటని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నచ్చలేదు.

నేను తెలుగు మాస్టారిని. విజయవాడలో, మైలవరం వెళ్ళే రోడ్డు వైపున్న ఒక కాలనీలో రిటైరై కూర్చున్నాను. పనిలేనివాడు పిల్లి తల గొరిగాడంటారు. నేను కోడి కాలు పట్టుకున్నాను. మా వీధిలో అర్జీ రాయాలన్నా, పిల్లకు పేరు పెట్టాలన్నా, పన్ను పుచ్చితే ఏం చెయ్యాలన్నా నా దగ్గరికే వచ్చేవారు. ఎవరికీ 'తెలియదు' అని చెప్పిన పాపాన పోలేదు నేను. ఆ మాటలో వ్యాకరణ దోషమేమీ లేదు. దోషమంతా నా నోట్లోనే ఉంది.

పక్కిల్లు సలోమిది. బట్టలు కుడుతుంది. పెరట్లో తొమ్మిది నాటుకోళ్ళు ఉండేవి. వాటిలో పెద్దది చుక్కలపెట్ట. పామర్రులో వాళ్ళమ్మ పెంచిన కోళ్ళలో అదొక్కటే మిగిలితే, అమ్మ పోయాక సలోమి చంకనెత్తుకుని బస్సులో తెచ్చుకుంది. మిగతా ఎనిమిదీ దాని పిల్లలే. అవి కొక్కొక్కోమంటుంటే వాళ్ళమ్మ ఇంకా పెరట్లో తిరుగుతున్నట్టే ఉంటుందనేది.

ఒక ఉదయం ఆ పెట్ట కుంటుతూ కనిపించింది. అరికాలు వాచి, మధ్యలో మిరియపు గింజంత నల్లటి చెక్కు కట్టింది. ఎత్తు మీంచి గచ్చు మీదికి దూకే కోళ్ళకు అరికాలు గీసుకుని, లోపల చీము పట్టి గడ్డకట్టడం మామూలే. ఇది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలిసిందల్లా ఫోనులో చూసిన ఒక వీడియోలో సగం. సలోమి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తానంది. నేనే ఆపాను. ఇంతోటి దానికి ఆసుపత్రి దేనికి, ఇంట్లోనే చేసేద్దామన్నాను.

కోడిని ఒళ్ళో పట్టుకుని కూర్చుని నవ్వింది. "చూసి చెయ్యండి మాస్టారండీ. సంధి విడగొట్టినట్టు దీని కాలు విడగొడతారేమో!"

నేనూ నవ్వాను. గోరువెచ్చని ఉప్పునీళ్ళలో కాలు బాగా నానాలి. నానే ఓపిక కోడికి ఉంది, నాకు లేదు. బ్లేడుతో చెక్కు లేపి, లోపలి గట్టి చీముగడ్డను మొక్కజొన్న గింజలా బయటికి తీశాను. రక్తం ఆగలేదు. దూది పెట్టి, గుడ్డపీలిక చుట్టి, పైన పురికొసతో బిగించాను. ఇంకా బిగించాను. నాలుగు రోజులు విప్పొద్దన్నాను. నాలుగే ఎందుకు? నోటికొచ్చిన అంకె. గొంతు మాత్రం గంభీరంగా పలికింది.

నాలుగో రోజు పెట్ట చచ్చిపోయింది. సలోమికి కనబడకుండా వీపు అడ్డం పెట్టి, కట్టు నేనే విప్పాను. పురికొస దిగినచోట లోతుగా గాడి. దాని కింద వేళ్ళు బొగ్గుల్లా ఉన్నాయి. చూడగానే అర్థమైంది. గుడ్డ మళ్ళీ చుట్టేశాను.

"నేనేమన్నా తప్పు చేశానా మాస్టారండీ?" అంది వెనకనుంచి. "కింద పరిచిన ఊక తడిసిందేమో. నిన్నట్నించీ గింజ ముట్టలేదు. మాటిమాటికీ మిమ్మల్నేం పిలుస్తాంలే అని ఊరుకున్నా."

తప్పు తనమీద వేసుకుంటోంది. నేను చెయ్యాల్సిందల్లా అది కాదని చెప్పడమే. చెప్పాను కూడా.

"నీ తప్పేం లేదమ్మా. ఇది తెగులు."

"తెగులా? అంటుకుంటదాండీ?"

"అంటుకుంటుంది."

"మరి మిగతాయి? అయ్యి బానే తిరుగుతున్నాయి కదండీ."

"ఇప్పుడు బానే ఉంటాయి. ఉంచకపోవడమే మంచిది."

ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి. రెండక్షరాలు తారుమారు చేస్తే తెగులైంది. మొదటి మాట భయంలో జారిందనుకుందాం. రెండోది మొదటిదాని వెనకాలే వచ్చిందనుకుందాం. మరి ఆ చివరి మాట? దాన్ని ఏడేళ్ళుగా తిప్పి తిప్పి చూస్తున్నాను, ఏ వైపు నుంచి చూసినా భయం కనబడదు, తెలివే కనబడుతుంది. ఆ ఎనిమిది కోళ్ళూ మర్నాడూ, ఆ మర్నాడూ హాయిగా పెంట కెలుక్కుంటూ తిరిగితే, మాస్టారూ తెగులేదీ అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ఎనిమిదీ సాక్షులు. సాక్షుల్ని లేకుండా చేశాను.

మా వైపు తెగులు సోకిందంటే జనం చేసే పని ఒకటుంది. చచ్చేలోగా కోసుకు తినేస్తారు, లేదంటే తెలియనివాళ్ళకు అమ్మేస్తారు. సలోమీ అలాగే చేస్తుందనుకున్నాను. ఎదురింటావిడ ఆ సలహా ఇచ్చింది కూడా. సలోమి వినలేదు. తెలిసి తెలిసి ఇంకో ఇంటికి జబ్బు పంపనంది. మనిషిని పిలిపించి ఎనిమిదింటినీ కోయించి, పెరట్లో గొయ్యి తవ్వించి, సున్నం చల్లి పూడ్పించింది. ఆ గొయ్యి పక్కన నిలబడి ప్రార్థన చేసింది. సమయానికి మాస్టారి నోట నిజం పలికించినందుకు దేవుడికి స్తోత్రం చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. ఆమేన్ అన్నాను. ఎవరూ అడగలేదు, నేనే అన్నాను.

ఆ తర్వాత వీధిలో నా గౌరవం పెరిగింది. నావల్లే మిగతా ఇళ్ళ కోళ్ళు బతికాయట. పెట్టిన నమస్కారాలన్నీ పుచ్చుకున్నాను. పుచ్చుకున్నవాడే పుచ్చిపోయాడని ఎవరికి తెలుసు? వారం తర్వాత ఆ వీడియో మిగతా సగం చూశాను. కట్టు వదులుగా ఉండాలి, రోజూ మార్చాలి, వేళ్ళు చల్లబడితే వెంటనే విప్పెయ్యాలి. పాఠం సగమే చదివొచ్చిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన మహానుభావుణ్ణి నేను.

సలోమి మళ్ళీ కోళ్ళు పెంచలేదు. మిగిలిన నూకలు మా గోడ మీద పిచ్చుకలకు పోస్తుంది.

ఈ ఏడాది ఆమె ఇంటికి అవతల రజియా గారి కుటుంబం అద్దెకు దిగింది, అరడజను కోళ్ళతో సహా. వాటిలో ఒకటి కుంటింది. అరికాల్లో అదే నల్లటి చెక్కు. సలోమి చూసి కంగారుపడి, ఇది తెగులు, అన్నింటినీ పూడ్చిపెట్టెయ్యండి, మా మాస్టారు చెప్పారు అందట. ఆ పెరళ్ళలో అంటుకునే జబ్బంటూ ఏదన్నా ఉంటే అది నా మాటే. అప్పుడైనా నోరు విప్పానా? కిటికీ మూసుకున్నాను.

రజియా గారు మా ఇద్దరి మాటా నమ్మలేదు. కోడిని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు చెప్పినట్టు ఇంట్లోనే రోజూ కాలు నానబెట్టి, మందు రాసి, వదులుగా కట్టు మార్చారు. కొన్నాళ్ళకు కోడి నడిచింది. ఆ నడకను సలోమి గోడ దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"మా దానికొచ్చింది వేరేది కదండీ మాస్టారూ?"

అడగడం కాదది, బతిమాలడం. అమ్మ కోళ్ళను ఊరికే కోయించలేదని ఎవరో ఒకరు ఆమెకు చెప్పాలి. ఆమె మీద జాలితో చెప్పానని ఇక్కడ రాసుకోవచ్చు. జాలి కాదు. నా మీద నాకున్న ప్రేమ. "వేరేదేనమ్మా" అన్నాను. ఆమె ఊపిరి పీల్చుకుని లోపలికి వెళ్ళింది.

ఆమెకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. ఇదీ ధైర్యమేం కాదు, మీరు మా వీధిలో ఉండరు కదా. క్షమించమని అడగను. క్షమించగలిగిన ఒక్క మనిషికీ నేరం సంగతే తెలియనివ్వలేదు నేను. రెండు కోళ్ళదీ ఒకటే జబ్బు. ఒకదానికి వైద్యం దొరికింది. ఒకదానికి నేను దొరికాను.

రాశాను. తప్పుల్లేని వాక్యం రాయడానికి ఇంత కాలం పట్టింది.